ఎడం పక్క చప్పుడు

"ఏసీ ఆపీండి. పాటలు కట్టీండి. అద్దాలు నాలుగూ దింపీండి."

మేస్త్రీ ఇంకా బానెట్టు ఎత్తలేదు, టైర్ల వైపు చూడలేదు. చెప్పులు షెడ్డు గుమ్మంలో వదిలేసి, మా సీటు పాడవకుండా పాత పేపరు పరుచుకుని నా పక్కన కూర్చున్నాడు. ఆదివారం పొద్దున్న ఏడున్నర. సింహద్వారం దగ్గర హైవే దిగి అరసవల్లి వైపు పోయే బళ్ళు ఒకదాని వెనక ఒకటి శ్రీకాకుళం ఊళ్ళోకి వస్తున్నాయి. సూర్యనారాయణమూర్తి వారం కదా. ఆ వరసకి ఎదురుగా మేం సర్వీసు రోడ్డు పట్టుకున్నాం.

"ఇరవైలో పోనీయండి. అదిగో, ఆ గొయ్యి. దాంట్లోకి దింపండి. తప్పించకండి, మాస్టారూ."

నేను బళ్ళో పాఠాలు చెప్పేవాణ్ణి కాదు. ఈ జిల్లాలో కళ్ళజోడూ ఇస్త్రీ చొక్కా ఉంటే చాలు, మాస్టారే.

గోతిలోకి కావాలని దించడం అనుకున్నంత తేలిక కాదు. ఇన్నేళ్ళూ తప్పించి తప్పించి చేతికి ఒక అలవాటు పడిపోయింది. స్టీరింగు దానంతటదే కుడికి పోతోంది. బలవంతంగా నిలబెట్టాను. ఎడమ చక్రం దిగింది. డొక్కుమని ఒక బరువైన చప్పుడు, దాని వెనకే టకటకమని పలచటి చప్పుడు. మేస్త్రీ రోడ్డు చూడ్డం లేదు. కళ్ళు మూసుకుని, ఎడం అరచెయ్యి తలుపు పక్క స్తంభానికి ఆన్చి కూర్చున్నాడు, నాడి చూసే వైద్యుడిలాగ.

"ఇంకోపాలి."

ఇంకో గొయ్యి దొరకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది.

"రెండు సప్పుళ్ళున్నాయండి ఇక్కడ. పొట్టిది లింకు రాడ్డు గావాల. ఆ పొడుగుది ఉన్నాదే, అది లింకు రాడ్డు కాదు." కళ్ళు తెరిచాడు. "ముందర స్పీడ్ బ్రేకరు ఉన్నాది. బ్రేకు కొట్టకుండా ఎక్కించీండి. ఎక్కినాక ముక్కు ఎన్నిసార్లు ఊగుతాదో లెక్కెట్టండి."

మన ఊళ్ళ స్పీడ్ బ్రేకర్ల గురించి ఒక మాట. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికో కొలత పెట్టింది: ఎత్తు 10 సెంటీమీటర్లు, రోడ్డు వెంబడి పొడవు 3.7 మీటర్లు, గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో బండి మెత్తగా దాటాలి. అంటే చాప కింద చెయ్యి పెట్టినట్టు ఉండాలన్నమాట. మన ఊళ్ళలో కొబ్బరి మొద్దు అడ్డంగా పాతి తారు పూసినట్టుంటాయి. ఇప్పుడు నేను ఎక్కించింది ఆ జాతిదే. ముక్కు లేచింది, పడింది, మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది, మూడోసారి కూడా కాస్త తలూపింది. కళింగపట్నం ఒడ్డున కెరటానికి తెప్ప ఊగినట్టు.

"మూడు," అన్నాను.

"ఒకటీ ఒకటిన్నరకి ఆగిపోవాల," అన్నాడు మేస్త్రీ. "తిప్పీండి, షెడ్డుకెల్లిపోదాం."

షెడ్డుకి రాగానే, ఇంజను ఆగీ ఆగకముందే, చొక్కా చెయ్యి పైకి లాక్కుని ముందు చక్రం వెనక సందులోకి చెయ్యి దూర్చాడు. ముందు కుడి పక్క, తర్వాత ఎడం పక్క. నన్నూ పిలిచాడు. "పట్టుకు సూడండి." కుడి పక్క గొట్టం గోరువెచ్చగా ఉంది. ఎడం పక్కది చల్లగా, మడ్డి మడ్డిగా ఉంది.

"పనిచేసిన షాకు ఏడెక్కుతాది. ఇది పని మానీసినాది."

మా ఇంట్లో ఈ చప్పుడుకి ఏడాది పైనే వయసు. కానీ ఎవరం దాన్ని చప్పుడనలేదు, రోడ్డన్నాం. మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. నెలకోసారి ఊరికి వెళ్ళి కొబ్బరికాయలూ, జీడిపప్పూ, కాలాన్నిబట్టి పనసకాయలూ వేసుకుని రావడం అలవాటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి మా తోటలో సగానికి పైగా చెట్లు కూల్చింది, అయినా కారు డిక్కీ ఎప్పుడూ ఖాళీగా తిరిగిరాలేదు. ఇటు పక్క అత్తవారిది రాజాం. చిలకపాలెం దగ్గర హైవే దిగి రాజాం మీదుగా రామభద్రపురం, రాయగడ పోయే రోడ్డుంది కదా, ఆ రోడ్డు మీద వానాకాలంలో బండి నడిపినవాడికి షాకుల గురించి వేరే చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారి రాజాం విజయనగరంలో కలిసింది. మా మామగారు జిల్లా మారిందని చెప్పినప్పుడు మా ఆవిడ మొదట అడిగింది, రోడ్డు కూడా మారుతుందా అని.

కాబట్టి అడుగున ఏం చప్పుడొచ్చినా మాకు సమాధానం సిద్ధం: మన రోడ్లింతే. మొన్న దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి సిరిమాను చూసి విజయనగరం నుంచి తిరిగొస్తున్నాం. నాతవలస దగ్గర హైవే ఎక్కాం. నున్నటి రోడ్డు, రాత్రి తొమ్మిది. ఎక్కడా గొయ్యి లేదు. అయినా వంతెన అతుకు దాటిన ప్రతిసారీ అదే డొక్కు, అదే టకటక. అప్పుడు తెలిసింది, తప్పు మోపడానికి కింద రోడ్డు లేదని.

ఇంకో సంగతి ఆ రాత్రే బయటపడింది. అమ్మ మొదట్నుంచీ వెనక సీట్లో ఎడం పక్క కిటికీ దగ్గర కూర్చునేది. ఎప్పుడో మెల్లగా కుడి పక్కకి మారిపోయింది. మేం గమనించలేదు. ఎందుకు మారావమ్మా అని అడిగితే, "ఆ పక్క నడుం పట్టేస్తోందిరా, ఏణ్ణర్ధమైంది" అంది. మేస్త్రీ చెవికి నాలుగు నిమిషాల్లో దొరికింది, అమ్మ నడుముకి ఏణ్ణర్ధం కిందటే దొరికింది. నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నవాణ్ణి, నాకే చివర.

షెడ్డంటే నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడి రాయిలా గట్టిపడ్డ నేల. గోడకి మేకులు, మేకులకి పానాలు, సైజుల వరసన. మేస్త్రీకి యాభై దాటి ఉంటాయి. పక్కన ఒక గుంటడు, పదో తరగతి తప్పి ఈ పనిలో చేరాడట, చెవిలో ఇయర్‌ఫోను ఒకటి ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. మూలన స్టీలు క్యానులో చోడంబలి, పైన ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పెట్టి మూత వేసి ఉంది. పదింటికి అదే వాళ్ళ టిఫిను.

మేస్త్రీ ముందు రెక్క మీద రెండు చేతులూ వేసి ఒళ్ళంతా బరువు పెట్టి నొక్కి, టక్కున వదిలేశాడు. ఎడం మూల లేచి, దిగి, మళ్ళీ లేచింది. కుడి మూల కొంచెం మర్యాదగా ఆగింది.

"ఇలగ నొక్కితే తెలిసిపోద్దా?" అన్నాను.

"పూర్తిగా పోనాదయితే తెలుస్తాది. సగం పోనాది ఇలగ తెలీదు. అందుకే టైరు సూడాల."

స్టీరింగు ఎడమకి తిప్పించి, టైరు మీద అరచెయ్యి పెట్టి అటునుంచి ఇటు నిమిరాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని అలాగే నిమిరించాడు. కంటికి కనపడదు, చేతికి తెలుస్తుంది: ఒక చోట మెట్ట, ఒక చోట పల్లం, మళ్ళీ మెట్ట. రాగి బిందె మీద సొట్టలు తడిమినట్టుంది. చక్రం రోడ్డుని వదలకుండా దొర్లితే టైరు ఒకేలా అరుగుతుంది. షాకు చచ్చిన చక్రం దొర్లదు, చిన్న చిన్న గెంతులేస్తుంది. గెంతి దిగిన చోటల్లా కొంత రబ్బరు గీరుకుపోతుంది. కొత్త టైర్లు వేయించి రెండేళ్ళయింది. నాకు మనసులో లెక్క తిరుగుతూనే ఉంది. అంతకన్నా పెద్ద లెక్క ఇంకోటుంది, అది మేస్త్రీ నెమ్మదిగా చెప్పాడు: తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు చక్రం గాల్లో ఉంటే బ్రేకు ఎవర్ని ఆపుతాది?

జాకీ ఎక్కింది. వెనక చక్రాలకి రాళ్ళు. బండి లేచాక కింద స్టాండు పెట్టి, ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కిందకే దొర్లించాడు గుంటడు. జాకీ జారి, స్టాండూ జారినా, బండి వచ్చి చక్రం మీద కూర్చుంటుంది, మనిషి మీద కాదు. వాడికి ఆ పని ఎవరూ చెప్పలేదు, చెవిలో పాట ఆగలేదు, చెయ్యి మాత్రం చేసుకుపోయింది.

మేస్త్రీ నేరుగా షాకు జోలికి పోలేదు. ఇక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది. ముందు చక్రం దగ్గర చప్పుడనగానే షాకులు మార్చెయ్యండి అనేసేవాళ్ళకి కొదవలేదు. లింకు రాడ్డుతో పోయేదానికి షాకులు, షాకులతో పోయేదానికి స్టీరింగు ర్యాకు. ఈయన గడ్డపార లాంటి టామీ పెట్టి లోయర్ ఆర్మ్ బుష్షుల్ని ఎత్తి చూశాడు, బాగున్నాయి. బాల్ జాయింటు కింద టామీ వేసి కదిపాడు, కదల్లేదు. టై రాడ్డు చివర పట్టుకుని గుంజాడు, సరే. లింకు రాడ్డు పట్టుకుని ఊపితే మాత్రం చేతిలోనే టకటకలాడింది. "ఇదే ఆ పొట్టి సప్పుడు."

ఆ తర్వాత షాకు మీది రబ్బరు బూటు పైకి ఎత్తాడు. ఎత్తడమేమిటి, అది సగం చిరిగి వేలాడుతోంది. టార్చి వేశాడు.

లోపల మెరుస్తూ ఉండాల్సిన ఉక్కు కడ్డీ ఒక పక్క చారలు చారలుగా గీసుకుపోయి ఉంది. బూటు చిరిగాక దుమ్మూ ఇసకా కడ్డీకి అంటుకుని, కిందికీ పైకీ పోయిన ప్రతిసారీ మూతి దగ్గరి సీలుని కోసుకుంటూ వచ్చాయి. సీలు తెగాక నూనె బయటికొచ్చి గొట్టం మీద నుంచి కిందికంటా కారింది. కారిన నూనెకి మళ్ళీ దుమ్ము పట్టి, ఉడికించిన తాటిబెల్లంలా పేరుకుంది. మేస్త్రీ వేలితో గీరితే ముద్దలా ఊడింది.

"కొంచెం తడుంటే పరవానేదు. అది ప్రతి షాకుకీ ఉంటాది. కిందికంటా కారి మన్ను అంటుకుందంటే లోన ఏటీ నేనట్టే."

కుడి పక్క కూడా తీసి చూశారు. తడి ఉంది, ధార లేదు. ఎడమదే ముందు పోవడానికి కారణం అడిగాను. గుంటడు నవ్వాడు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "ఎదురు లారీ వస్తే తమరు ఏ పక్కకి దిగుతారండి?" ఎడమకే. తారు చివర విరిగి, కంకర తేలి, మట్టి అంచు జానెడు లోతున ఉండేది ఎడం పక్కే. ఏడాదికి ఎన్ని వందలసార్లు ఆ అంచు దిగి ఎక్కానో.

"ఒకటి మార్చితే సాలదా?" మనిషన్నాక అడుగుతాడు కదా.

"ఒక కాలికి కొత్త సెప్పు, ఒక కాలికి పాత సెప్పు ఏసుకుని నడుస్తారేటి?" అని ఊరుకున్నాడు.

విడి భాగాల కొట్టు ఆదివారం సగం షట్టరే తెరుస్తుంది. గుంటణ్ణి బండి మీద పంపాడు. షాకులు జత ఏడు వేల చిల్లర, పై మౌంటింగులూ బేరింగులూ బూట్లూ లింకు రాడ్లూ మరో మూడున్నర వేలు, కూలి పదిహేను వందలు.

స్ట్రట్టు అన్న మాట బిల్లులో కనిపిస్తుంది గాని షెడ్డులో నోటితో అనరు. అన్నీ షాకులే. మేస్త్రీ గురువు జీపు మేస్త్రీ. జీపులకి షాకు వేరు, కమాను పట్టీ వేరు. షాకు ఊడదీసి మూల పడేసినా జీపు నిలబడుతుంది, ఒళ్ళు హూనం చేస్తుందంతే. అంబాసిడర్‌కి ముందు టోర్షన్ బార్లు, వెనక పట్టీలు. ఈ గొట్టం కథ వేరు. స్ప్రింగూ షాకూ ఒకే గొట్టం చుట్టూ కూర్చి, పై కొనని బాడీకి, కింది కొనని చక్రం పట్టుకునే నకల్‌కి బిగిస్తారు. చక్రాన్ని నిటారుగా నిలబెట్టేదీ అదే, స్టీరింగు తిప్పితే చక్రంతో పాటు తిరిగేదీ అదే. కింద ఒక్క ఆర్మ్ ఉంటే సరిపోతుంది. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ దీన్ని జనరల్ మోటార్స్‌లో ఉండగా, షెవర్లే కాడెట్ అనే ఒక చిన్న కారు కోసం ఆలోచించాడు. ఆ కారు 1947లో అటకెక్కింది. ఆయన ఫోర్డుకి మారాడు. 1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లకి ఈ స్ట్రట్టులున్నాయి. మన వీధుల్లో చాలామంది మేస్త్రీలకి దీని పరిచయం 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800తో. చోటు తక్కువ, ఖర్చు తక్కువ. అందుకే ఇవాళ ఎత్తుగా జీపులా కనపడే మా బండి లాంటివాటిలో చాలావాటికి ముందు చక్రాల దగ్గర ఉండేది ఆ చిన్న కారు కాళ్ళే.

"మా గురువు మొదటిసారి మారుతి ఇప్పినప్పుడు, షాకు తీసీసరికి సక్రం పడిపోతాది ఏటిరా అని తిట్టీసినాడు," అని మేస్త్రీ నవ్వాడు.

తియ్యడం మొదలైంది. బ్రేకు గొట్టం బిళ్ళ, ఏబీఎస్ వైరు క్లిప్పు విప్పి పక్కకి తప్పించాడు. లింకు రాడ్డు ఊడింది. నకల్‌ని పట్టుకున్న రెండు పెద్ద బోల్టుల దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు, మళ్ళీ అదే చోట కూర్చోవాలని. ఇక పానా వేసి లాగితే కదల్లేదు. రస్టు స్ప్రే కొట్టి టీకి వెళ్ళాం. వచ్చాక కూడా కదల్లేదు. సముద్రం గాలికి ఇక్కడి బోల్టులు ఇలాగే పెళ్ళాడేసుకుంటాయట. భావనపాడు, కళింగపట్నం బళ్ళయితే మరీనట. పానా చివరికి నాలుగడుగుల గొట్టం తొడిగి మేస్త్రీ, గుంటడు కలిసి వేలాడారు. ఠక్కున పగిలిన చప్పుడు. బోల్టు విరిగిందేమో అని నా గుండె జారింది. విరగలేదు, విడిచింది.

బోల్టులు లాగేముందు తీగముక్కతో నకల్‌ని పక్కన కట్టేశాడు. లేకపోతే ఆ బరువంతా బ్రేకు గొట్టం మీద వేలాడుతుంది. తర్వాత బానెట్టు కింద మూడు నట్లు. రెండు తీసి, మూడోది ఊడదీసేటప్పుడు కింద గుంటడు రెండు చేతులతో షాకుని పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "వచ్చీసింది." మడ్డి పట్టిన ఆ మొత్తం శాల్తీ, స్ప్రింగుతో సహా, నెలల పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బల్ల మీద పెట్టాడు.

ఇక్కడ షెడ్డు మారిపోయింది. మేస్త్రీ గుంటడి చెవిలోంచి ఇయర్‌ఫోను లాగి వాడి జేబులో పెట్టాడు. నన్ను స్తంభం అవతలికి పొమ్మన్నాడు. రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి గాని మా మధ్య మాట లేదు.

మా బండి ముందు చక్రాల మీద ఒక్కోదాని మీదా మూడు క్వింటాళ్ళకి పైగా బరువు ఉంటుంది. ఆ బరువు మోసే స్ప్రింగు ఇప్పుడు రెండు పళ్ళేల మధ్య నొక్కి ఉంది. దాన్ని ఆపి ఉంచింది పైన ఒక్క నట్టు. ముందు స్ప్రింగుని అణచకుండా ఆ నట్టు విప్పితే ఏమవుతుందో మేస్త్రీ మాటల్లో చెప్పలేదు. వేరే షెడ్డులో ఒకప్పుడు జరిగినదాని గురించి చెబుతూ పైన రేకు వైపు వేలు చూపించాడు. "రేకు సిల్లడింది. మనిషి తలొంచి సుత్తి తీస్తున్నాడు కాబట్టి బతికినాడు."

రెండు స్ప్రింగు క్లాంపులు, ఎదురెదురుగా. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. మళ్ళీ ఇటు రెండు. ఒక పక్కే బిగిస్తే స్ప్రింగు వంకరపడి జారుతుంది. చుట్టుకి చుట్టు దగ్గరవుతూ కిర్రుమంటోంది. మేస్త్రీ మొహం ఎప్పుడూ ఆ శాల్తీ కొనకి ఎదురుగా పెట్టలేదు, పక్కనుంచే పనిచేశాడు. చెమట ముక్కు కొసన వేలాడుతోంది, తుడుచుకోలేదు. చివరికి స్ప్రింగుకీ పై పళ్ళేనికీ మధ్య వేలు పట్టేంత ఖాళీ వచ్చింది. పళ్ళేన్ని చేత్తో తిప్పి చూశాడు, తేలిగ్గా తిరిగింది. అప్పుడు కడ్డీ తిరగకుండా అలెన్ కీతో పట్టి, పై నట్టు విప్పాడు. ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడం కోసమే ఇరవై నిమిషాలు.

పై మౌంటింగులోని బేరింగు నా చేతికిచ్చాడు. "సెవి దగ్గరెట్టి తిప్పండి." ఇసక నలిగినట్టు కరకరమంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా టంగుమని ఒక మోత వచ్చేది, గుర్తుందా అన్నాడు. గుర్తుంది. ఆ మోతకి కూడా నేను రోడ్డునే తిట్టాను.

ఇక స్ప్రింగు లేని పాత షాకు బల్ల మీద నిలబడి ఉంది. "నొక్కండి." కడ్డీ కొన మీద అరచెయ్యి పెట్టి నొక్కాను. వాషరు పోయిన సైకిలు పంపులా దిగిపోయింది. చెయ్యి తీశాను. అక్కడే ఉండిపోయింది, ఎవరు పిలిచినా లేవనివాడిలాగ. ఊపితే లోపల గళగళమని కొంచెం నూనె.

కొత్తది అట్టపెట్టెలోంచి తీసి నిలబెట్టి, మేస్త్రీ తనే నాలుగైదుసార్లు నెమ్మదిగా పూర్తిగా కిందికీ పైకీ ఆడించాడు. కొట్టులో పడుకోబెట్టి ఉంచుతారు కదా, లోపలి గదుల్లోకి గాలి చేరి ఉంటుంది, అది పోవాలట. తర్వాత నా వంతు. నా బరువంతా పెట్టాల్సి వచ్చింది. దిగుతోంది, కానీ తొందరపడ్డానికి ఒప్పుకోవడం లేదు. గట్టిగా తోసినకొద్దీ అంత గట్టిగా అడ్డుతగులుతోంది, నెమ్మదిగా తోస్తే నెమ్మదిగా దారిస్తోంది. లోపల నూనె సన్నటి రంధ్రాల్లోంచి దూరుతున్నందుకు ఆ అడ్డు. బరువు మొయ్యడం స్ప్రింగు పని, ఊగుడు ఆపడమే ఈ గొట్టం పని. గతుకు ఇచ్చిన విసురంతా ఈ నూనెలో నలిగి వేడైపోతుంది. పొద్దున్న కుడి గొట్టానికి ఉన్న గోరువెచ్చదనం అదే. చెయ్యి తీశాను. కడ్డీ దానంతటదే పైకి లేవడం మొదలుపెట్టింది. నూనె నురగ కట్టకుండా లోపల నింపిన నైట్రోజను నెడుతోంది దాన్ని. ఎంత నింపాదిగా లేచిందంటే, మేం ముగ్గురం పని ఆపి అది పూర్తిగా లేచేదాకా చూశాం. గుంటడు రోజూ చూసేదే, అయినా చూశాడు.

కూర్చడం తియ్యడం కంటే తొందరగా అయింది. స్ప్రింగు కింది కొన పళ్ళెంలోని మెట్టులో సరిగ్గా ఆనాలి. గుంటడు అరంగుళం అవతల పెట్టాడు, మేస్త్రీ ఏమీ అనకుండా వాడి వేలు పట్టుకుని ఆ సందుని తడిమించాడు. వాడు తిప్పి పెట్టాడు. కొత్త బూటు, కొత్త బంప్ స్టాపరు, కొత్త మౌంటింగు. సుద్ద గీతల దగ్గర బోల్టులు. కుడి పక్క కూడా అదే వరస, అక్కడ బోల్టులు ఏ గొడవా చెయ్యకుండా వచ్చేశాయి. నట్లన్నీ చివరికి టార్క్ పానాతో బిగిస్తుంటే నాకు ఆశ్చర్యం వేసింది. ఈ షెడ్డులో ఆ పానా ఉంటుందని అనుకోలేదు. మేస్త్రీ దాన్ని పని అవగానే తుడిచి, గుడ్డలో చుట్టి, తాళం ఉన్న పెట్టెలో పెట్టాడు. చోడంబలి క్యాను అప్పుడు తెరిచారు. పన్నెండున్నర.

"ఇప్పుడే లాంగు ఎల్లిపోకండి. ముందు అలైన్‌మెంటు." షాకులు మారాక చక్రాల వాలు ఎంతో కొంత తప్పుతుంది. సుద్ద గీత నమ్మకానికే గాని కొలతకి కాదు. పక్క వీధిలో ఎక్కించి చూస్తే తెర మీద ఎడం పక్క అంకె ఎర్రగా వచ్చింది. పది నిమిషాల్లో పచ్చబడింది. అసలు ఎన్నాళ్ళుగా స్టీరింగుని రెండు వేళ్ళు ఎడమకి వంచి పట్టుకుని తిన్నగా పోతున్నానో, ఇప్పుడు చేతులు తిన్నగా పెడితే బండి తిన్నగా పోతుంటే తెలిసింది.

సాయంత్రం అమ్మని ఎక్కించుకున్నాను. మడపాం టోలు దాకా వెళ్ళొద్దామన్నాను. వెనక తలుపు తీసి కుడి పక్కకి పోబోయి ఒక క్షణం ఆగింది, ఎడం పక్కే కూర్చుంది. నాగావళి వంతెన అతుకులు వచ్చాయి. బుడుక్, బుడుక్, అంతే. పొద్దుటి స్పీడ్ బ్రేకరు ఎక్కించాను. ముక్కు లేచింది, దిగింది, కూర్చుంది. గొయ్యి కనపడితే చెయ్యి పాత అలవాటున కుడికి లాగింది. వద్దని ఆపి దించాను. చక్రం దిగి ఎక్కింది, మాకు ఏదో చదును కాని చోటు దాటినట్టుగా మాత్రం తెలిసింది.

బండిలో ఇంత నిశ్శబ్దం విని ఎన్నాళ్ళయిందో. ఆ నిశ్శబ్దంలో, హైవే వంపు తిరిగేసరికి, వెనక డిక్కీలో ఏదో దొర్లుకుంటూ పోయి గోడకి కొట్టుకుంది. వంపు అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. నా ప్రాణం ఉసూరుమంది. మేస్త్రీకి ఫోను చెయ్యడానికి జేబు తడుముకుంటున్నాను.

"ఆపరా," అంది అమ్మ. "పోయిన నెల కాయలు లెక్కలో ఒకటి తక్కువొచ్చింది. అదిగో అది."

బండి పక్కకి ఆపి డిక్కీ తీశాను. స్పేరు చక్రం పక్క మూలన కొబ్బరికాయ.

"ఊపి చూడు, నీళ్ళున్నాయా?"

చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఉన్నాయి.

"అయితే రేపు పచ్చడి చేస్తాను, పద," అంది.